సీఈసీ చదివిన అమ్మాయికి నర్సింగ్‌లో ఏ కోర్సు? ఏజెంటు చెప్పే బెంగళూరు సీటు నమ్మొచ్చా?

చిట్యాల_మేనమామ

అందరికీ నమస్తే. మా అక్క కూతురు ఈ ఏడు ఇంటర్ సీఈసీ పాసైంది, 61 శాతం. నర్సు తప్ప ఇంకోటి వద్దంటోంది. ముందర మూడు దారులున్నాయి. ఊరికి దగ్గర్లో ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) స్కూలు ఒకటి. హైదరాబాదు పక్కన జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) ఒకటి. మూడోది, ఒక ఏజెంటు బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానంటున్నాడు. పరీక్షలకు వెళ్తే చాలట, హాజరు సంగతి కాలేజీయే చూసుకుంటుందట. ఏది మంచిది? చేరేలోపు పిల్ల ఏం నేర్చుకుని పెట్టుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కౌంటర్_నం_3

ముందు మూడోదాన్ని కొట్టేయండి సార్. బీఎస్సీ నర్సింగ్‌కి ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, 45 శాతం రావాలి (ఎస్సీ, ఎస్టీలకు 40), ఇంగ్లిషు పాసవ్వాలి. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. బెంగళూరైనా భువనగిరైనా ఒకటే. సీఈసీ మెమోతో ఆ సీటు ఎలా వస్తుందో ఆ ఏజెంటునే అడగండి. అయితే బీఎస్సీ అని చెప్పి ఇంకేదో కోర్సులో చేరుస్తాడు, లేదంటే అర్హత లేని అడ్మిషన్ అని తర్వాత ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది.

ఇక హాజరు. బీఎస్సీలో థియరీకి 80 శాతం ఉండాలి. ప్రాక్టికల్స్, వార్డు పోస్టింగుల్లో ప్రతి విభాగంలోనూ డిగ్రీ చేతికొచ్చేలోపు నూటికి నూరు పూర్తవ్వాలి. రాకపోయినా వేస్తామనే కాలేజీ ఒక తప్పుడు రికార్డు తయారు చేస్తోందన్నమాట. దాని మీద సంతకం మీ పిల్లదే ఉంటుంది.

కర్ణాటకలో నిజంగా మంచి కాలేజీలున్నాయి, కాదనను. కానీ అక్కడ చదివితే ముందు అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ తర్వాతే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడి కౌన్సిల్‌కి మార్చుకోవాలి. చదువుకున్న చోట రిజిస్ట్రేషన్ కాలేదంటే ఇక్కడ తలుపు తెరుచుకోదు.

చిట్యాల_మేనమామ

అయ్యో, ఈ అర్హత సంగతి ఎవరూ చెప్పలేదండీ. మరి మిగతా రెండింట్లో?

పీహెచ్‌సీ_పద్మ

రెండింటికీ సీఈసీ పనికొస్తుంది. ఏఎన్ఎంకి ఇంటర్ ఏ గ్రూపైనా సరే. జీఎన్ఎంకి ఇంటర్లో 40 శాతం, ఇంగ్లిషులో కూడా 40 ఉండాలి. సైన్సు వాళ్లకి ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి ప్రభుత్వ స్కూలు సీట్లలో బైపీసీ పిల్లలు ముందుంటారు. రెండింటికీ అడ్మిషన్ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి, 35 దాటకూడదు.

అయితే ఈ రెండూ చిన్న కోర్సు, పెద్ద కోర్సు కావు, వేరు వేరు ఉద్యోగాలు. ఏఎన్ఎం రెండేళ్లు, అందులో చివరి 6 నెలలు ఇంటర్న్‌షిప్. ఆడవాళ్లకే. చేసే పని సబ్ సెంటర్లో, ఊళ్లో: గర్భిణుల నమోదు, టీకాలు, ఇంటింటి సర్వే, పురిటి తర్వాత తల్లీబిడ్డల్ని చూడటం, బోలెడన్ని రిజిస్టర్లు, ఇప్పుడు ట్యాబ్ ఎంట్రీలు. తెలంగాణలో ఆ పోస్టు పేరు ఎంపీహెచ్ఏ (మల్టీ పర్పస్ హెల్త్ అసిస్టెంట్) ఫిమేల్. 2024లో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 1,931 పోస్టులకు పరీక్ష పెట్టింది. జీఎన్ఎం మూడేళ్లు, చదివినవాళ్లు ఆసుపత్రి వార్డులో స్టాఫ్ నర్సు అవుతారు. ఏఎన్ఎం చదివి ఐసీయూలో స్టాఫ్ నర్సు అవుతానంటే కుదరదు. కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో పెట్టుకుంటారు గానీ జీతంలోనూ పేరులోనూ ఆ తేడా అలాగే ఉండిపోతుంది.

పిల్ల ఊళ్లోనే ఉంటూ జనంలో తిరిగే పని కోరుకుంటోందా, ఆసుపత్రి పనా? ముందు అది అడగండి.

సుజాతనగర్_రవి

మధ్యలో దూరుతున్నా. ఇంటర్ వొకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్ (ఆరోగ్య కార్యకర్త కోర్సు) చదివినవాళ్లు ఏఎన్ఎంతో సమానమే కదా?

కౌంటర్_నం_3

రెండేళ్ల వొకేషనల్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు తమ్ముడూ. నిర్దేశించిన ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది క్లినికల్ ట్రైనింగ్ చేసి, ఆపై కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. చాలామంది ఆ ఏడాదిని వదిలేసి నోటిఫికేషన్ వచ్చాక పరుగులు పెడతారు. అప్పటికి చివరి తేదీ దాటిపోతుంది.

అలాగే ఆరు నెలల 'నర్సింగ్ అసిస్టెంట్', 'హోమ్ నర్సింగ్', జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్) లాంటివి. ఇవి పేషెంటుకి స్నానం, పక్క మార్చడం, తినిపించడం లాంటి పనులకు. పని గౌరవమైనదే, కాదనను. నర్సుగా రిజిస్ట్రేషన్ మాత్రం రాదు. బోర్డు మీద 'నర్సింగ్' అని పెద్దక్షరాలతో ఉందని మోసపోవద్దు.

ట్యూటరమ్మ

మేనమామగారూ, నా లెక్కలో మీ పిల్లకి జీఎన్ఎం. కారణం ఒక్కటే, అక్కణ్నుంచి పైకి దారి ఉంది. జీఎన్ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే సీఈసీ పిల్ల కూడా బీఎస్సీ నర్సు అవుతుంది. మొత్తం ఐదేళ్లు. నేరుగా బీఎస్సీ అయితే నాలుగు, అంటే ఒక్క ఏడాది ఎక్కువ. జీఎన్ఎం ఎత్తేస్తారని ఎప్పటినుంచో వినిపిస్తోంది, ఆ ఆలోచనా నిజమే, కానీ కోర్సు నడుస్తూనే ఉంది. ఆ పుకారుకి భయపడి అర్హత లేని చోటికి పరిగెత్తొద్దు.

స్కూలు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏసీ క్లాసురూము, స్కెలిటన్, ల్యాబులో బొమ్మ చూపిస్తారు. అవి చూసి తల ఊపి, ఆసుపత్రి ఎక్కడ అని అడగండి. నర్సింగ్ సగం వార్డులోనే వస్తుంది. ఒక విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలన్నది కౌన్సిల్ లెక్క. అంటే ఒకేసారి 40 మందిని పోస్టింగుకి పంపితే 120 మంది పేషెంట్లు మంచాల మీద ఉండాలి. బోర్డు మీద '150 పడకలు' అని ఉంటే చాలదు. ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున 9 గంటలకి వార్డులోకి వెళ్లి నిండిన మంచాలు లెక్కపెట్టండి. పది మంచాల్లో ఏడెనిమిదైనా నిండి ఉండాలి. ఖాళీ వార్డులో పిల్లలు నేర్చుకునేది దుప్పటి మడతలు వేయడమే.

ఇంకో ప్రశ్న: కాన్పుల పోస్టింగ్ ఎక్కడ, పిల్లల వార్డు ఎక్కడ, మానసిక వైద్యం ఎక్కడ? మూడోది అడిగితే మంచి స్కూలు తడుముకోకుండా ఎర్రగడ్డ అనో, విశాఖ మానసిక వైద్యశాల అనో, ఫలానా నెలలో అనో చెప్తుంది. కాన్పుల సంగతి అడిగినప్పుడు సీనియర్ విద్యార్థి కేస్ బుక్ చూపించమనండి. అన్ని కేసులకూ ఒకే సిరా, ఒకే చేతిరాత, ఒకే రోజు సంతకాలు కనిపిస్తే అర్థం చేసుకోండి.

పది మంది విద్యార్థులకి ఒక టీచరు ఉండాలి. అడ్మిషన్ల నెలలోనే కనబడే టీచర్లు కొందరుంటారు, ఫోటో బోర్డు మీద మాత్రం ఏడాదంతా ఉంటారు.

ఓరుగల్లు_శీను

అన్నా, పిల్లను జేర్పించే ముంగట ఒక్క పని జెయ్యి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైటుల రాష్ట్రాల వారీగ, కోర్సుల వారీగ లిస్టు ఉంటది. స్కూలు పేరు, ఎన్ని సీట్లో గూడ ఉంటది. ఆ పేరు అక్షరం అక్షరం సరిజూడు. 'శ్రీ' ఒకటి ఎక్కువున్నా అది ఇంకో కాలేజీ కావొచ్చు. ఒకే సొసైటీకి బీఎస్సీకి పర్మిషనుండి జీఎన్ఎంకి లేకపోవుడు గూడ ఉంటది. అటెన్క మన రాష్ట్ర కౌన్సిల్ లిస్టుల జూడు. బీఎస్సీ అయితే వరంగల్ కాళోజీ యూనివర్సిటీ అఫిలియేషన్ గూడ జూడాలె. సీట్లు 40 అని ఉంటె క్లాసుల 70 మంది కూసుంటున్నరంటె మిగిలిన 30 మంది పేర్లు ఏడికి పోతయో నువ్వే అడుగు.

ఫీజు ముచ్చట. ట్యూషన్ ఫీజు ఒక్కటే జెప్తరు. హాస్టలు, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు, క్లినికల్ ఫీజు, రికార్డు బుక్కులు అన్నీ ఏడాది వారీగ కాయితం మీద రాయించుకో. రశీదు లేని రూపాయి ఇయ్యకు. ఒరిజినల్ మెమోలు జూసి వాపస్ ఇయ్యాలె, కాలేజీ తాన పెట్టుకునుడు యూజీసీ 2018లనే వద్దన్నది. మధ్యల మానేస్తె మొత్తం కోర్సు ఫీజు కట్టాలని బాండు రాయిమంటె సంతకం పెట్టకు.

చిట్యాల_మేనమామ

ధన్యవాదాలు శీనన్నా. ఉద్యోగాల సంగతి కూడా చెప్పండి. జీఎన్ఎం వాళ్లకి గవర్నమెంటు పోస్టులు వస్తాయా, బీఎస్సీ వాళ్లే ఎగరేసుకుపోతారా?

నైట్_డ్యూటీ

తెలంగాణలో స్టాఫ్ నర్సు (ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు) పోస్టుకి ఇద్దరూ అర్హులే. 2022 డిసెంబరు చివర్లో 5,204 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చి తర్వాత 7,094కి పెంచారు. 2024లో ఇంకో 2,050కి ఇచ్చారు. పరీక్ష కంప్యూటర్ మీద, 80 మార్కులకి. మిగతా 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పనికి: గిరిజన ప్రాంతంలో అయితే ఆరు నెలలకి 2.5, మిగతా చోట్ల 2. కాబట్టి కోర్సు కాగానే ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు పని దొరికితే, జీతం తక్కువని వదిలేయడం తొందరపాటు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎవరి సంతకంతో, ఏ నమూనాలో కావాలో పనిచేసేటప్పుడే కనుక్కోవాలి.

ఎయిమ్స్ నర్సు పోస్టుల పరీక్ష నార్‌సెట్‌లో మాత్రం తేడా ఉంది. బీఎస్సీ, పోస్ట్ బేసిక్ వాళ్లు నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లు 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేసి ఉండాలి. 49 పడకల నర్సింగ్ హోములో ఐదేళ్లు చేసినా లెక్కలోకి రాదు. ప్రిలిమ్స్ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకి మూడో వంతు కోత. సాధారణ వర్గానికి వయసు 30 వరకు.

సుజాతనగర్_రవి

అబ్బాయిలకి ఏమైనా ఉందా? మా తమ్ముడు బైపీసీ.

నైట్_డ్యూటీ

ఏఎన్ఎం తప్ప అన్నీ చదవొచ్చు. బైపీసీ కాబట్టి నేరుగా బీఎస్సీ. నార్‌సెట్‌లో 80 శాతం పోస్టులు ఆడవాళ్లకి, 20 మగవాళ్లకి. అంటే అబ్బాయిలకి కటాఫ్ బాగా పైన ఉంటుంది. ఐసీయూ, డయాలసిస్, క్యాత్ ల్యాబ్, ఎమర్జెన్సీల్లో ప్రైవేటు వాళ్లు అబ్బాయిల్ని బాగానే తీసుకుంటారు. బీఎస్సీ అడ్మిషన్ పద్ధతి రెండు రాష్ట్రాల్లోనూ ఈ మధ్య మారుతూ వచ్చింది. పోయినేడు ఎవరో చెప్పింది పట్టుకోకుండా ఈ ఏటి యూనివర్సిటీ నోటిఫికేషన్ చదవమనండి.

ట్యూటరమ్మ

చేరేలోపు ఏం నేర్చుకోవాలన్నారు కదా. అనాటమీ పుస్తకం కొని బట్టీ పట్టించొద్దు. సీఈసీ పిల్లలు మొదటి ఏడు తడబడేది రెండు చోట్ల: ఇంగ్లిషులో రాయడం, లెక్కలు. అవును, లెక్కలు. ఎనిమిదో తరగతి దశాంశాలు, త్రైరాశికం రాకపోతే మందు తప్పవుతుంది.

మూడు రకాల లెక్కలు రోజుకి పదేసి చేయించండి.

మొదటిది ఇంజెక్షన్. అమికాసిన్ వయల్ 2 మి.లీ.లో 500 మి.గ్రా. ఉంది, డాక్టరు 375 రాశారు. 375ని 500తో భాగించి 2తో గుణిస్తే 1.5 మి.లీ.

రెండోది పిల్లల సిరప్. పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా. చొప్పున 12 కిలోల బిడ్డకి 180 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.కి 250 అని ఉంటే 3.6 మి.లీ. పోయాలి, 125 అని ఉంటే 7.2 మి.లీ. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి, పొరపాటంతా అక్కడే. మి.లీ. గుర్తుపెట్టుకోవద్దు, ప్రతిసారీ లేబుల్ చదవాలి.

మూడోది సెలైన్ చుక్కలు. మొత్తం మి.లీ.ని సెట్ చుక్కల సంఖ్యతో గుణించి నిమిషాలతో భాగించాలి. 500 మి.లీ. 8 గంటల్లో పోవాలంటే…

సుజాతనగర్_రవి

500 గుణించు 60, భాగించు 480. నిమిషానికి 62 చుక్కలు. కరెక్టేనా మేడమ్?

ట్యూటరమ్మ

కాదు నాయనా. నువ్వు పిల్లలకి వాడే మైక్రో సెట్ లెక్క వేశావు. దానికి మి.లీ.కి 60 చుక్కలు. పెద్దవాళ్లకి వాడే మామూలు సెట్టుకి 20. కాబట్టి 500 గుణించు 20, భాగించు 480. ఇరవై ఒకటి. మామూలు సెట్టులో 62 చుక్కలు వదిలితే ఎనిమిది గంటల సీసా మూడు గంటల్లోపే అయిపోతుంది. గుండె జబ్బున్న ముసలాయనకి ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి అది చాలు. అన్ని సెట్లూ ఒకటి కావు, మి.లీ.కి ఎన్ని చుక్కలో కవరు మీద ముద్రించి ఉంటుంది.

వార్డు_ఇన్‌ఛార్జి

మేడమ్ చెప్పిన జాబితాకి ఇన్సులిన్ కలపండి. మన దగ్గర వయల్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల వయల్‌కి నారింజ మూత సిరంజి. 40 వయల్‌లోంచి నారింజ మూత సిరంజితో '20' గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ దిగదు. తిరగేసి, 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో '20' దాకా లాగితే 50 యూనిట్లు వెళ్లి పేషెంటు స్పృహ తప్పొచ్చు. ఫ్రెషర్లను ఇంటర్వ్యూలో ఇదే అడగాలి, అడుగుతారు కూడా.

బీపీ చూడటం ఇంట్లోనే మొదలుపెట్టించండి. చేత్తో గాలి కొట్టే మీటరు, స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న వాచీ ఉంటే సరిపోతుంది. పేషెంటు ఐదు నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తున ఆనించి, చొక్కా చెయ్యి పైకి మడిచి బిగుసుకుపోకుండా చూసి కఫ్ కట్టాలి. ముందు మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టాలి, నాడి ఆగిన అంకె మీద ఇంకో 30 కొట్టి, సెకనుకి 2 నుంచి 3 చొప్పున వదలాలి. కొత్తవాళ్లు గాలి ఒక్కసారిగా వదిలేస్తారు, అప్పుడు పైది తక్కువగా, కిందది ఎక్కువగా వస్తుంది. లావాటి చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు 'ఊపిరి చూస్తున్నా' అని చెప్పకూడదు, నాడి పట్టుకున్నట్టే ఉండి ఛాతీ చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి.

వార్డులో చెత్త బకెట్ల రంగులు మొదటి రోజే అడుగుతారు. నెత్తురంటిన దూది, కట్లు పసుపు. సెలైన్ సెట్, సూది తీసేసిన సిరంజి ఎరుపు. సూదులు, బ్లేడ్లు తెల్ల గట్టి డబ్బా. గాజు వయల్స్, ఆంప్యూల్స్ నీలం. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, చేతికి గుచ్చుకునేవాటిలో చాలా భాగం అక్కడే గుచ్చుకుంటాయి. గుచ్చుకుంటే నోట్లో పెట్టుకోవడం, పిండటం వద్దు. సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలవ్వాలి. తిడతారని దాచిపెట్టి మూడు రోజులు పోగొట్టుకునే పిల్లలున్నారు.

పీహెచ్‌సీ_పద్మ

ఇన్‌ఛార్జిగారు చెప్పినదానికి ముందే ఒక పని ఉంది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు: ఇవాళ, నెలకి, ఆరో నెలకి. సీటు ఖాయమైన రోజే మొదటిది వేయించండి. వార్డు పోస్టింగు మొదలయ్యాక గుర్తొస్తే మూడో డోసు అయ్యేలోపు పిల్ల రక్షణ లేకుండానే సూదులు పట్టుకుంటుంది. ఆటలమ్మ వచ్చిందో లేదో, ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడిందో లేదో కూడా రాసి పెట్టుకోండి.

ఏఎన్ఎం వైపే వెళ్తే టీకాల పెట్టె లెక్క వేరు: 2 నుంచి 8 డిగ్రీలు. తెరిచిన పెంటావాలెంట్, పోలియో, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) వయల్స్ నిబంధన ప్రకారం 28 రోజులు వాడొచ్చు. బీసీజీ, ఎంఆర్ కలిపిన నాలుగు గంటలకి పారేయాల్సిందే. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం పరీక్షలోనూ, సబ్ సెంటర్లోనూ మామూలు తప్పు.

హైదరాబాద్_టు_డబ్లిన్

విదేశాల ఆలోచన ఉంటే ఇప్పుడే ఒక మాట. బ్రిటన్‌కి ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 7 (రాతలో 6.5 చాలు) లేదా ఓఈటీలో బి (రాతలో సి ప్లస్), ఆపై సీబీటీ (కంప్యూటర్ పరీక్ష), ఆస్కీ (చేసి చూపించే పరీక్ష). జర్మనీకి అక్కడి గుర్తింపు రావాలంటే జర్మన్ భాషలో బీ2 స్థాయి దాకా వెళ్లాలి. గల్ఫ్‌కి సర్టిఫికెట్లు తనిఖీ చేసే డేటాఫ్లో వాళ్లు కాలేజీకీ, కౌన్సిల్‌కీ, పనిచేసిన ఆసుపత్రికీ నేరుగా రాసి కనుక్కుంటారు. హాజరు లేకుండా వచ్చిన డిగ్రీ, పనిచేయకుండా కొన్న ఎక్స్‌పీరియన్స్ లెటరు అక్కడ దొరికిపోతాయి. ఏజెంటు ఎవరైనా కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈమైగ్రేట్‌లో నమోదై ఉన్నాడో లేదో చూడాలి. తెలంగాణ వాళ్లకి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రా వాళ్లకి ఓంక్యాప్ ఉన్నాయి, ముందు అక్కడ అడగండి.

చిట్యాల_మేనమామ

అందరికీ దండాలు. జీఎన్ఎం అనుకుంటున్నాం. రేపు ఆ స్కూలుకెళ్లి మంచాలు లెక్కపెట్టొస్తా. ఒక్క సందేహం. పిల్ల ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరం మాత్రమే. ఇబ్బందా?

కౌంటర్_నం_3

ఇబ్బందే. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆధార్‌తో ముడిపడిన జాతీయ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది, ఎన్‌యూఐడీ అనే నర్సు గుర్తింపు నంబరు దాన్నుంచే వస్తుంది. పేరు కలవకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. పదో తరగతి మెమో మార్చడం పెద్ద తతంగం, ఆధార్‌నే మెమో ప్రకారం మార్పించండి. పుట్టినతేదీ కూడా చూసుకోండి. అడ్మిషన్ ఫారం నింపకముందే చేయించండి, ఎందుకంటే ఫారంలో రాసిన పేరే మార్కుల మెమోల్లో మూడేళ్లూ అచ్చవుతుంది.